సొట్ట స్ట్రాబెర్రీ

స్ట్రాబెర్రీ రుచి ఎరగని పిల్లలు మన పట్నాల్లో దాదాపు ఉండరు. స్ట్రాబెర్రీని ఎరిగిన పిల్లలే తక్కువ. జ్వరానికి తాగించే గులాబిరంగు సిరప్పులో అదే, పెళ్లిభోజనం చివర చేతికిచ్చే ఐస్‌క్రీమ్ కప్పులో అదే, క్రీము బిస్కెట్టులో, పిల్లల టూత్‌పేస్టులో, చివరికి పెన్సిలు గీతలు చెరిపే రబ్బరులో కూడా అదే వాసన. బడిలో చేరకముందే పళ్ల చార్టులో మామిడిపండు పక్కన దాని బొమ్మ చూసేస్తారు. పేరు తెలుసు, రంగు తెలుసు, వాసన తెలుసు. పండు మాత్రం చేతిలోకి రాలేదు. మిఠాయిలకూ పానీయాలకూ ఆ వాసన అంటించడానికి తయారుచేసే రసాయనాల్లో ఇథైల్ మిథైల్ ఫినైల్ గ్లైసిడేట్ అనేది పేరుమోసింది. అసలు పండు వాసనలో 300కు పైగా పదార్థాలు కలిసి ఉంటాయి. ఆ ఒక్కదానికీ ఈ మూడు వందలకూ మధ్య ఉన్నంత దూరం, పిల్లలకు మనం అప్పజెప్పించే సైన్సుకూ అసలు సైన్సుకూ మధ్య ఉందని నాకనిపిస్తుంది.

నేను ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. విశాఖపట్నంలో మా వీధి పిల్లలు, నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల లోపువాళ్లు, ఆదివారం పొద్దున్న మా వరండాలో చేరతారు. డిసెంబరు వచ్చిందంటే నర్సీపట్నం ఘాటు మీదుగా లంబసింగి స్ట్రాబెర్రీలు కిందికి దిగుతాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరది. అక్కడి శీతాకాలపు చలి ఈ మొక్కకు నప్పింది. దేశంలో పండే స్ట్రాబెర్రీల్లో సింహభాగం మహారాష్ట్రలోని మహాబలేశ్వరం చుట్టుపక్కలదే. 2010లో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా పిల్లలకు మాత్రం స్ట్రాబెర్రీ అంటే లంబసింగే. సెలవుల్లో అమ్మానాన్నలతో మంచు చూడ్డానికి వెళ్లి, ప్లాస్టిక్ షీటు పరిచిన బోదెల మధ్య నడిచి, తమ చేత్తో పండు కోసుకొచ్చినవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు.

పెట్టె తెరిచే ముందు తల్లులను ఒక మాట అడుగుతాను. ఈ పండు కొందరికి పడదు, ఒళ్లు దద్దురెక్కుతుంది. ఆ సంగతి తేలాక, పళ్లు బాగా కడిగి, ఒక్కొక్కరికి ఒక్కో పండు ఇచ్చి ఊరుకుంటాను. నోట్లో పెట్టుకోవడం చివరికి. అంతవరకూ వాసన, స్పర్శ, చూపు. కళ్లు మూసుకుని వాసన చూడమంటే కిందటేడు ఒక పాప ‘అనాసపండు’ అంది. పక్కవాళ్లు నవ్వారు గానీ ఆ ముక్కు పొరబడలేదు. 18వ శతాబ్దంలో ఐరోపాలో ఈ పండు కొత్తగా పుట్టినప్పుడు అక్కడి తోటమాలులకు కూడా దీనిలో అనాస వాసనే తగిలింది. రెండు పళ్లలోనూ ఉమ్మడిగా ఉండే సుగంధ పదార్థం ఫ్యురనియోల్. ఆ పేరు ఐదేళ్ల పిల్లకు అక్కర్లేదు. తన ముక్కును తాను నమ్మవచ్చని తెలిస్తే ఆ పూటకు చాలు.

తర్వాత భూతద్దం. స్ట్రాబెర్రీని భూతద్దంలో మొదటిసారి చూసిన పిల్లల మొహాలను చూడటం నాకెంతో ఇష్టం. నున్నగా ఉందనుకున్న పండు గుంటలు గుంటలుగా కనబడుతుంది. ఒక్కో గుంటలో ఒక్కో గింజ. ఆ గింజ నుంచి సన్నటి వెంట్రుక ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ‘ఇదేటి టీచర్, దీనికి జుట్టుంది?’ అని ఎవరో ఒకరు అరవకుండా ఉండరు. ఆ జుట్టు పువ్వు మిగిల్చిపోయిన గుర్తు. పువ్వులో పుప్పొడిని అందుకునే కీలం ఎండి అలా మిగిలింది. ఆ మాట నేను వెంటనే చెప్పను. పండును పైనుంచి కిందికి నిలువుగా కోసి చూపిస్తాను. లోపల మధ్యలో తెల్లటి గుజ్జు, అక్కడి నుంచి అన్నివైపులకూ తెల్లని గీతలు. ఒక్కో గీతను వేలితో పట్టుకుని పొమ్మంటే ఆ వేలు సరిగ్గా ఒక గింజ దగ్గర ఆగుతుంది. ఎన్ని గీతలు పట్టుకుపోయినా అంతే. ఏ గింజకూ తిండి అందకుండా లేదు.

‘విత్తనాలు బయట ఉండే పండు స్ట్రాబెర్రీ’ అని క్విజ్ పుస్తకాల్లో ఉంటుంది. ఇంకొంచెం చదివినవాళ్లు, ‘నిజానికి అవి విత్తనాలు కావు, అవే పళ్లు’ అని దిద్దుతారు. దిద్దుబాటు సరైనదే. మనం గింజ అనుకునేది ఒక్కోటీ ఒక బుల్లి ఎండుపండు, విత్తనం దాని లోపల ఉంటుంది. పెద్ద పండు ఒకదాని మీద రమారమి 200 దాకా ఉంటాయవి. మనం తినే ఎర్రటి కండ పువ్వుకు పీటగా ఉన్న పుష్పాసనం, ఉబ్బి రసం పట్టింది. ఇదంతా రెండు వాక్యాల్లో చెప్పేయవచ్చు. పిల్లలు రెండు నిమిషాల్లో అప్పజెప్పేస్తారు కూడా. కానీ అలా చెప్పిన రోజున వాళ్ల చేతిలోని పండుకు ఇక పని ఉండదు. జవాబు ముందే అందిన పిల్ల పండువైపు మళ్లీ చూడదు, తినేస్తుంది. అందుకే వాళ్లు అడిగేదాకా ఆగుతాను, అడిగాక కూడా పండులో కనబడేది కనబడేదాకా ఆగుతాను. ఈ పాఠమంతటిలో నాకు కష్టమైన పని ఇదే. తెలిసిన సంగతి నాలుక చివర ఉన్నప్పుడు ఊరుకోవడం టీచర్లకు అంత తేలిక కాదు.

పెట్టెలో అడుగున ఉండే పళ్లు సాధారణంగా ఎవరికీ అక్కర్లేదు. పైవరస అంతా తీరుగా, మెరుస్తూ ఉంటుంది. కింద ఒకటో రెండో సొట్టవి, వంకరవి, కోడిపుంజు తలలాంటివి ఉంటాయి. నేను ఆ సొట్టపళ్ల కోసమే పెట్టెలు ఎంచుకుంటాను.

సొట్టపండును, తీరైన పండును పక్కపక్కన పెట్టి, ‘దీనికేమయింది?’ అంటాను. మొదట వచ్చే జవాబులు ఎప్పుడూ ఒకటే: కింద పడింది, ఎవరో నొక్కేశారు, పురుగు తినేసింది. నొక్కితే మెత్తబడాలి కదా, ఇది గట్టిగానే ఉందే అని వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు. పురుగు తింటే కన్నం ఉండాలి, లేదు. అప్పుడు భూతద్దం సొట్ట మీదికి వస్తుంది. ఈ శీతాకాలం ఒక బాబు, ఒకటో తరగతి ఇంకా దాటలేదు, చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, ‘బుగ్గ ఉన్నచోట గింజలు పెద్దవి, దూరం దూరంగా ఉన్నాయి. సొట్టలో గింజలు చిట్టివి, అన్నీ ఒకదాని మీద ఒకటి ఇరుక్కున్నాయి’ అన్నాడు. మిగతావాళ్లు భూతద్దం లాక్కున్నారు. ఇంకో సొట్టపండు తెచ్చి చూశారు, అందులోనూ అంతే. తీరైన పండులో అలాంటి చోటు ఎక్కడైనా ఉందా అని వెతికారు, లేదు. ‘అయితే గింజ పెద్దదైతేనే బుగ్గ వస్తుందేమో’ అంది ఒక పాప.

ఆ పాప అన్నదానికి వృక్షశాస్త్రంలో ఒక ముఖ్యమైన ప్రయోగం ఉంది. 1950లో జె.పి. నిచ్ అనే శాస్త్రవేత్త పెరుగుతున్న స్ట్రాబెర్రీ పిందెల మీది గింజలను గిల్లి చూశాడు. అన్నీ గిల్లేస్తే పిందె అక్కడికక్కడే ఆగిపోయింది. కొన్నింటిని వదిలేస్తే, వదిలిన గింజల కింద మాత్రమే కండ పట్టింది. గింజలన్నీ తీసేసి వాటి బదులు ఆక్సిన్ అనే హార్మోను పూస్తే, గింజలు లేకుండానే పిందె ఉబ్బింది. అంటే ఏ గింజకాగింజ తన కింది కండను పెరగమని పిలుస్తోంది, ఆ పిలుపు పేరు ఆక్సిన్. పువ్వులో పుప్పొడి అందని చోట గింజ కట్టదు, పిలిచేవాళ్లు లేక ఆ చోటు సొట్టగా ఉండిపోతుంది. తేనెటీగ సరిగా వాలని పువ్వు, చలికి దెబ్బతిన్న పువ్వు ఇలాంటి పండే ఇస్తుంది. మా పిల్లలు గింజలు గిల్లలేదు, హార్మోను పూయలేదు. వాళ్ల ముందున్న సొట్టపండులో ఆ ప్రయోగాన్ని ప్రకృతే చేసిపెట్టి ఉంది, వాళ్లు దాన్ని చదువుకున్నారు.

పుప్పొడి మాట వచ్చింది గనుక వాళ్లకు ఒక కథ చెబుతాను. ఇది నిజంగా జరిగిందే. 1712లో ఫ్రెజియే అనే ఫ్రెంచి ఇంజనీరు దక్షిణ అమెరికా తీరానికి వెళ్లాడు. స్పానిష్ కోటల గుట్టుమట్లు కనిపెట్టి రమ్మని రాజు పంపిన మనిషి. చిలీలో అక్కడి మూలవాసులు తరతరాలుగా పెంచుకుంటున్న స్ట్రాబెర్రీలు చూశాడు. ఐరోపాలో అప్పటికి ఉన్నవాటికన్నా ఎంతో పెద్దవి. తిరుగు ప్రయాణంలో ఆరు నెలల ఓడ, తాగడానికే నీళ్లకు కరువు. ఆ నీళ్లలోంచే పోసి మొక్కలను బతికిస్తే 1714లో ఒడ్డు చేరేసరికి ఐదు మిగిలాయి. ఫ్రాన్సులో నాటారు. పెరిగాయి, పూశాయి, పండు మాత్రం కాయలేదు. కాయలున్న మొక్కలనే ఏరి తెచ్చాడు కదా మరి, అంటే అన్నీ ఆడమొక్కలే. వాటికి కావలసిన పుప్పొడి సముద్రానికి ఆవలి ఒడ్డున ఉండిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఉత్తర అమెరికా నుంచి వచ్చిన మరో జాతి మొక్కలు పక్కన చేరాక ఆ పుప్పొడితో కాశాయి. ఇవాళ మనం తినే స్ట్రాబెర్రీ ఆ రెండింటి సంతానం. 1764లో, ఆంత్వాన్ నికోలా డ్యుషేన్ అనే కుర్రవాడు, చిలీ మొక్క పువ్వులకు వేరే జాతి పుప్పొడి అంటించి కాయించిన పళ్లను పదిహేనో లూయీ రాజుకు చూపించాడు. రెండేళ్ల తర్వాత స్ట్రాబెర్రీల మీద పుస్తకమే రాశాడు, పెద్ద పండు ఏ రెండింటికి పుట్టిందో అందులో చెప్పాడు. పిల్లలకు ఇందులో రాజు మీద ఆసక్తి ఉండదు. ఓడలో నీళ్లు మొక్కలకు పోస్తే మనుషులు ఏం తాగారన్నది వాళ్ల ప్రశ్న.

చిన్నపిల్లలకు స్ట్రాబెర్రీతో సైన్సు అనగానే చాలామందికి గుర్తొచ్చేది డి.ఎన్.ఏ. ప్రయోగం. పండును చిదిమి, గిన్నెలు తోమే సబ్బునీళ్లూ ఉప్పూ కలిపి, వడగట్టి, చల్లటి ఆల్కహాలు పోస్తే తెల్లటి దారపు ఉండలు తేలతాయి. స్ట్రాబెర్రీ కణంలో క్రోమోజోములు ఎనిమిది సెట్లుగా, మొత్తం 56 ఉంటాయి గనుక డి.ఎన్.ఏ. బాగానే వస్తుంది. తొమ్మిదో తరగతికి ఇది మంచి ప్రయోగం. ఐదేళ్ల పిల్లలతో చేయించడం మాత్రం నాకు నచ్చదు, గట్టిగానే చెబుతాను. ఆ తెల్లటి జిగురును చూసి అది ఫలానా అని పిల్ల తనంతట తెలుసుకునే దారి లేదు. పెద్దవాళ్లు చెప్పాలి, పిల్ల నమ్మాలి. చేతులు ఎంత తడిసినా అక్కడ జరిగేది వినడమే. సొట్టపండు దగ్గర ఎవరూ ఎవరినీ నమ్మనక్కర్లేదు. అనుమానం వస్తే ఇంకో పండు తీసి చూసుకోవచ్చు. ‘చేతులతో నేర్పడం’ అంటే నాకు ఈ రెండోదే. మన దేశంలో ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పల్లెటూరి బడుల్లో మొదలైన సైన్సు కార్యక్రమం, పిల్లలు చేసి చూసి తాము కనుగొన్నదే రాసుకోవాలన్న పట్టుదలతో ముప్ఫై ఏళ్లు నడిచింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. టీచరుగా ఆ వార్త నన్ను చాలా బాధపెట్టింది.

ఇంకా వాళ్లు తమంతట తేల్చుకోగలిగినవి ఎన్నో ఉన్నాయి. ముక్కలు కోసి పంచదార చల్లి పక్కన పెడితే, కాసేపటికి గిన్నె అడుగున ఎర్రటి రసం నిలుస్తుంది, ముక్కలు ముడుచుకుంటాయి. నీళ్లు పోయలేదు కదా, ఎక్కడివీ నీళ్లు? అంటే ఒక పిల్లవాడు, ‘మా నాన్నమ్మ మాగాయకి ఉప్పు వేస్తే కూడా ఇలాగే వస్తాయి’ అన్నాడు. ద్రవాభిసరణ గురించి ఆ వయసుకు ఇంతకన్నా తెలియాల్సింది లేదు. జాడీలో ఉప్పు పట్టిన మామిడిముక్కల ఊట, గిన్నెలో ఈ రసం ఒకే పని వల్ల వచ్చాయి. నాన్నమ్మ ఆ సైన్సును ఏటా వేసవిలో చేస్తూనే ఉంది, ముక్కలు పిండి ఎండలో ఆరబెట్టి మళ్లీ ఆ ఊటలోనే వేస్తుంది కూడా. తర్వాతి ఆదివారం ఆ నాన్నమ్మ మా వరండాకు వచ్చి ఊట గురించి చెప్పారు, నేను పక్కన కూర్చుని విన్నాను.

రసంలో చిటికెడు వంటసోడా వేస్తే ఎరుపు పోయి నీలి బూడిద రంగులోకి దిగుతుంది, నిమ్మచుక్కలు పిండితే మళ్లీ ఎరుపెక్కుతుంది. ఇది చూడముచ్చటగా ఉంటుంది. దీని మీద నేను ఎక్కువసేపు ఉండను, మందారపువ్వుతో కూడా చేసుకోవచ్చు.

ముగ్గడం గురించి మాత్రం ఓపిగ్గా ఉండాలి. సగం తెల్లగా ఉన్న స్ట్రాబెర్రీ ఒకటి, గట్టి సపోటా ఒకటి తీసుకుని, వాటితోపాటే వచ్చినవి మరో రెండు కొంచెం కొంచెం కొరికి రుచి గుర్తుపెట్టుకుంటారు. సపోటా బియ్యం డబ్బాలోకి వెళుతుంది, స్ట్రాబెర్రీ పళ్లెంలో. కొన్నాళ్లకు సపోటా మెత్తగా, తియ్యగా దిగుతుంది. స్ట్రాబెర్రీ కాస్త ఎర్రబడుతుంది గానీ తీపి పెరగదు, ఆ తర్వాత బూజు పడుతుంది. మామిడి, అరటి, సపోటా, సీతాఫలం చెట్టు వదిలాక కూడా ముగ్గుతాయి, వాటి నుంచి వెలువడే ఇథిలీన్ వాయువే ఆ పని నడిపిస్తుంది. స్ట్రాబెర్రీ, ద్రాక్ష, బత్తాయి కోసినప్పుడు ఉన్నంత తీపితోనే ఉండిపోతాయి. అందుకే స్ట్రాబెర్రీని పండాకే కోయాలి, పండాక కోస్తే ఎక్కువ రోజులు ఆగదు. లంబసింగి రైతు కోతకు, ప్రయాణానికి ఎందుకంత హడావిడి పడతాడో, పెట్టె ఎందుకంత ఖరీదో పిల్లలకు ఆ బూజుపట్టిన పళ్లెంలో కనబడుతుంది.

ఖరీదు సంగతి నాతో పనిచేసిన టీచర్లు తరచు అడుగుతారు. పలాస వైపు పల్లె బడిలో చెప్పే ఒకామె, ‘అక్కా, మా పిల్లలకు స్ట్రాబెర్రీ ఎక్కడ తేను?’ అంది. తేనక్కర్లేదమ్మా అన్నాను. ఆ ఊళ్ల చుట్టూ జీడితోటలే. జీడిపండు కింద వేలాడే గింజే అసలు పండు, రసంతో ఉబ్బిన పైభాగం దాని కాడ. స్ట్రాబెర్రీ దగ్గర అడిగే ప్రశ్నలన్నీ అక్కడా అడగవచ్చు. పచ్చి జీడిగింజను పిల్లల చేత కోయించకూడదు, అంతే. పెంకులోని జీడి చర్మాన్ని కాల్చి పొక్కిస్తుంది. పండును కోసి చూడటం, గింజను బయట నుంచి చూడటం వాళ్ల వంతు.

సొట్ట పాఠానికైతే సీతాఫలాన్ని మించింది లేదు. తెలంగాణలో గుట్టల మీద దానంతటదే కాస్తుంది, పాలమూరు దగ్గరి బాలానగర్ పేరుతో ఒక రకమే ఉంది. దసరా రోజులకు రోడ్డు పక్కన గంపల్లో పోసి అమ్ముతారు. దానిలోనూ పువ్వులోని ఒక్కో ఫలదళం ఒక్కో కన్నుగా ఎదుగుతుంది, చిన్న చిన్న పెంకు పురుగులు పుప్పొడి మోస్తాయి. పుప్పొడి సరిగా అందని కాయ ఒకవైపు కళ్లు పొంగి, ఇంకోవైపు చదునుగా వంకరపోతుంది. అలాంటిదాన్ని ఏరి తెచ్చి, విప్పకముందే పిల్లలను అడగాలి: ఏ వైపు గింజలు ఎక్కువుంటాయి? ఎందుకలా అనుకుంటున్నారు? వాళ్లు చెప్పినవన్నీ పలక మీద రాశాకే పండు విప్పి, గింజలను రెండు కుప్పలుగా పోయించాలి, పొంగిన వైపువి ఒక కుప్ప, చదునువైపువి ఒక కుప్ప. లెక్క రాని పిల్లలకు కూడా ఏ కుప్ప పెద్దదో కనబడుతుంది.